నౌషీన్ పదో తరగతి

ప్రొద్దుటూరు గుడ్డల మార్కెట్టు వెనక సందులో నౌషీన్ కుట్టుమిషన్లు పెట్టుకుని ఇరవై ఏళ్ళు దాటింది. బడిపిల్లల యూనిఫాంలు కుట్టడం ఆమె పని. జూన్ వచ్చిందంటే ఆ సందులో కాలు పెట్టడానికి జాగా ఉండదు. నీలం గుడ్డ, గళ్ళ గుడ్డ తానులు గుమ్మం దాకా పేర్చి ఉంటాయి. భర్త అన్సర్ బోరు మోటార్లు బాగుచేస్తాడు. ఇద్దరు కొడుకులూ చదువుకుంటున్నారు. బయటినుంచి చూసేవాళ్ళకు అది పెద్దగా చెప్పుకోవడానికేమీ లేని సంసారం.

నౌషీన్ పుట్టింది మాత్రం కువైట్‌లో. తండ్రి నయీం అక్కడ ఒక దర్జీ దుకాణంలో పనిచేసేవాడు. తల్లి మాబున్ని ఇంట్లోనే ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబం వాళ్ళది. అందుకని నౌషీన్‌కు మాట తెలుగే, చదువు మాత్రం ఇంగ్లీషు, హిందీ. అక్కడ మనవాళ్ళ పిల్లల కోసం పెట్టిన బడిలో ఆమె నాలుగో తరగతి చదువుతుండగా, వేసవి సెలవుల్లో, ఇరాక్ సైన్యం వచ్చి ఆ దేశాన్ని ఆక్రమించుకుంది. అది 1990.

కొన్ని వారాలు ఇంట్లోనే దాక్కున్నారు. దుకాణం మూతబడింది. తర్వాత ఎవరో బస్సు మాట్లాడితే అందులో ఎక్కి బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరారు. అక్కడ ఎడారిలో డేరాలు వేసి ఉన్నాయి. మనుషులు ఎండలో బిందెలు పెట్టుకుని నీళ్ళ ట్యాంకరు కోసం కాచుకునేవారు. ఆ డేరాల్లో ఒక మలయాళీ ఆమె పిల్లలందరినీ నీడన కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించేది. ఆమె పేరు నౌషీన్‌కు తెలియదు. వాళ్ళకంటే ముందే ఆమెకు విమానంలో చోటు దొరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పిల్లలు ఎక్కాలు చెప్పుకోలేదు, ఊరికే ఇసుకలో కూర్చున్నారు.

చివరికి వాళ్ళకూ విమానం దొరికింది. బొంబాయిలో దిగి, రైల్లో ఎర్రగుంట్లకు వచ్చి, అక్కడినుంచి బస్సులో ప్రొద్దుటూరులోని అవ్వ ఇంటికి చేరారు. నయీం రెండు కుట్టుమిషన్లు, ఇంటి సామాను, ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నదంతా అక్కడే వదిలేసి వచ్చాడు.

బడిలో చేర్చడానికి మాబున్ని కూతుర్ని తీసుకెళ్ళింది. హెడ్మాస్టరు టి.సి. అడిగాడు.

"ఆ బడి ఉందో ల్యాదో మాకే తెలీదు సార్" అంది మాబున్ని.

ఒకటో తరగతి చెప్పే కామేశ్వరమ్మ టీచరు అక్కడే ఉంది. "పిల్లను కూర్చోనీండి సార్. కాయితం వచ్చేటప్పుడు వస్తాది" అంది. హెడ్మాస్టరు కాదనలేదు. కానీ తెలుగు అక్షరాలు రావు గనక పిల్లను కామేశ్వరమ్మ తరగతిలోనే వేశారు. తొమ్మిదేళ్ళ నౌషీన్ ఐదేళ్ళ పిల్లల మధ్య చాప మీద కూర్చుంది. కామేశ్వరమ్మ సాయంత్రాలు ఇంటికి పిలిపించుకుని అక్షరాలు దిద్దించింది. ఏడాది తిరిగేసరికి నౌషీన్ ఒక తరగతి దాటేసి మూడులోకి వెళ్ళింది. అంతకుమించి అందుకోలేకపోయింది. ఏ తరగతిలో ఉన్నా తోటివాళ్ళకంటే రెండేళ్ళు పెద్ద.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి బడిలో ఆడపిల్లలందరిలోకీ ఆమే పొడుగు. ఒకరోజు లెక్కల సారు, "నువ్వు వెనక్కి పోయి కూర్చోమ్మా, నీ వెనకోళ్ళకు బోర్డు కనపడ్డం ల్యా" అన్నాడు. ఆయన ఎగతాళిగా అనలేదు. క్లాసు మాత్రం నవ్వింది. ఆ ఏడాది ఎలాగో పూర్తిచేసింది. పదో తరగతి మొదలైన రోజు తలనొప్పి అని పడుకుంది. మర్నాడూ అంతే. వారం తర్వాత తల్లి మిషన్ ముందు తాను కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. మళ్ళీ కువైట్ వెళ్ళిన నయీం ఫోన్ చేసినప్పుడల్లా "బడికి పో బిడ్డా" అని బతిమాలాడు. ఆమెను ఎవరూ మాన్పించలేదు. తనంతట తానే మానుకుంది. తర్వాత పెళ్ళి, పిల్లలు, మిషన్లు. నయీం చనిపోయాక మాబున్ని కూడా కూతురి దగ్గరికే వచ్చింది.

జమ్మలమడుగు వైపు పెన్న మీది జలాశయంలో నీళ్ళు పెంచినప్పుడు ఊటవాగుపల్లె మునిగింది. ఊరి జనాన్ని జమ్మలమడుగు దగ్గర కొత్త కాలనీకి తరలించారు. కరోనా తగ్గి బడులు తెరిచాక, ఆ కాలనీ బడి పిల్లలకు కొలతలు తీసుకోవడానికి నౌషీన్ వెళ్ళింది. ఎంతమందికి గుడ్డ తెచ్చిందో అంతమంది పిల్లలు అక్కడ లేరు. బడి అరుగు మీద కూర్చున్న ఒక ముసలామెను అడిగింది.

"ఈడ ఉండేది సగం మందే బిడ్డా. ఈడ పని యాడుండాది? కొందరు పులివెందల తోటలకు పొయిరి, కొందరు ఎర్రగుంట్లకు పొయిరి. పిల్లోల్లు వాళ్ళెంబడే" అంది ఆమె.

"బడికి?"

"ఈడ ఐదు దాంకానే. పెద్దబడి దూరం. ఆడపిల్లోల్లను అంత దూరం నడిచి పంపిస్తారా?"

మర్నాడు పొద్దున నౌషీన్ సుకన్య దుకాణానికి వెళ్ళి కూర్చుంది. సుకన్య ఆమెకు గుడ్డ సరఫరా చేసే షాపు యజమానురాలు. ఇద్దరికీ పాత స్నేహం. కాలనీలో చూసింది నౌషీన్ చెబుతుంటే, లోపల గద్దె మీద కూర్చున్న సుకన్య మామ బాలకృష్ణయ్య కూడా విన్నాడు.

"గవర్నమెంటు వాళ్ళకు పరిహారం ఇచ్చింది గదమ్మా, కాలనీ కట్టించింది. ఇంగ మనం చేసేదేముంది?" అన్నాడాయన.

"దుడ్లు వచ్చినాయి పెద్దాయనా, కాదనను. బడికి తోడుపొయ్యే పక్కింటి పిల్ల రాలేదు గదా. దోవలో కనిపెట్టుకుని ఉండే తెలిసిన మనిషి రాలేదు గదా. మేం కువైట్ నుంచి వచ్చినప్పుడు మా నాయనకు పని ఇచ్చినోళ్ళు ఉండ్రి, బియ్యం ఇచ్చినోళ్ళు ఉండ్రి. నా చదువు సంగతి పట్టించుకునింది ఒక్క కామేశ్వరమ్మ టీచరే."

బాలకృష్ణయ్య గద్దె దిగి వచ్చి "ఏం చేయాలనుకుంటాండావో చెప్పు" అన్నాడు.

అలా మొదలైంది వాళ్ళ సంఘం. ఆయన ఘనమైన పేర్లు కొన్ని చెప్పాడు గాని, సుకన్య వాటిని ఒప్పుకోలేదు. చివరికి 'ఊరు మారిన పిల్లల చదువు సంఘం' అని పెట్టుకున్నారు. కాలనీ నుంచి జమ్మలమడుగు పెద్దబడికి ఒక ఆటో కుదిర్చారు. ఊళ్ళు పట్టుకుపోయిన కుటుంబాలను వెతికి, పిల్లలను ఎక్కడివాళ్ళను అక్కడి బడుల్లో చేర్చి ఫీజులు కట్టారు. తిరిగే పని నౌషీన్‌ది, చందాలు పోగుచేసే పని బాలకృష్ణయ్యది.

అలా వెతుకుతున్నప్పుడే చందన దొరికింది. ఆమె తండ్రి ఓబులేసు పులివెందుల బయట ఒక చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో, కాపలా ఉంటున్నాడు. ఊటవాగుపల్లెలో అతనికి సొంత భూమి ఉండేది. చందన లెక్కల్లో చురుకు. కానీ రెండేళ్ళు బడి లేకుండా గడిచిపోయింది. పులివెందులలోని ప్రైవేటు బడివాళ్ళు, తొమ్మిదిలో ఉండాల్సిన పిల్లను ఏడో తరగతిలో చేర్చుకుంటామన్నారు. సంఘం ఫీజు కట్టడం ఓబులేసుకు ఇష్టం లేదు. "పుణ్యానికి చదివిచ్చుకునే గతి నాకు పట్టలేదమ్మా" అన్నాడు. నౌషీన్ రెండుసార్లు తిరిగి, సర్దిచెప్పి, చేర్పించింది. ఆ బడిలో వెనక బెంచీ మీద కూర్చున్న చందనను చూసి కూడా, అలవాటు పడుతుందిలే అనుకుని వచ్చేసింది.

ఆ చలికాలంలో బాలకృష్ణయ్య జమ్మలమడుగులో ఒక సభ పెట్టాడు. చందాలిచ్చినవాళ్ళు పిల్లలను చూడాలంటున్నారని, చూడకుండా ఎవరూ రెండోసారి ఇవ్వరని చెప్పాడు. నౌషీన్‌కు అందులో తప్పేమీ కనిపించలేదు. పైగా స్టేజీ మీద అందరూ ఒకేలా కనపడాలని తానే పిల్లలకు ఒకే రంగు కొత్త బట్టలు కుట్టింది. కల్యాణ మండపంలో బ్యానరు కట్టారు. మైకులో ఒకాయన పేర్లు పిలుస్తుంటే పిల్లలు ఒక్కొక్కరే ఎక్కి బడి బ్యాగు అందుకున్నారు. చందన వంతు వచ్చింది.

"సర్వం పోగొట్టుకుని దిక్కులేనిదైన నిర్వాసిత కుటుంబం నుంచి వచ్చిన నిరుపేద బాలిక, చందన."

ఓబులేసు మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. చందన స్టేజీ ఎక్కింది. బ్యాగు చేతికి ఇవ్వబోతే అందుకోలేదు. తండ్రి వైపు ఒకసారి చూసి, వచ్చిన మెట్ల మీదుగానే దిగి, నడిచి వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. ఇద్దరూ బయటికి వెళ్ళిపోయారు. మైకు పట్టుకున్నాయన తర్వాతి పేరు పిలిచాడు. ఆ రోజు తర్వాత చందన బడికి వెళ్ళలేదు.

బడివాళ్ళు చెప్పగా విని నౌషీన్ పులివెందులకు బస్సెక్కింది. తోట దగ్గరికి వెళ్ళేసరికి ఓబులేసు నీళ్ళు మళ్ళిస్తున్నాడు. పలకరిస్తే తల ఊపాడు, అంతే.

"తప్పు మాదే ఓబులేసన్నా. నేను ముందే ఆలోచించాల్సింది" అంది నౌషీన్.

"నీ మింద కోపం ల్యాదమ్మా. ఉండేమాటే గదా చెప్పినారు" అన్నాడు అతను, పార కింద పెట్టకుండానే. "నా బిడ్డ ముందర చెప్పకుండా ఉండాల్సింది. పాప ఆపక్క కాయలు కోస్తాండాది. పోయి మాట్లాడుకో."

చందన చెట్టు కింద గంప పెట్టుకుని చీనీకాయలు ఏరుతోంది. నౌషీన్ పక్కన కూర్చుని తానూ ఏరింది. క్షమించమంది. చందన కాయలు ఏరుతూనే ఉంది. కాసేపటికి నౌషీన్ కువైట్ సంగతి, డేరాల సంగతి, తొమ్మిదేళ్ళప్పుడు ఒకటో తరగతి చాప మీద కూర్చున్న సంగతి చెప్పింది. కొడుకులకు కూడా ఎప్పుడూ అంత వివరంగా చెప్పలేదు. చందన చేతులు ఆపి వింది.

"మళ్ళ?" అంది.

"మళ్ళ ఏముందిమా, చదువుకుంటి. తొమ్మిది దాంకా."

"పది?"

"రాయల్యా."

"యాల?"

నౌషీన్ చేతిలోని కాయను గంపలో వేసింది. "అందరికంటే పెద్దదాన్నని సిగ్గయ్యేది. మానుకుంటిని" అంది.

"నాకూ అంతే గదక్కా" అంది చందన. ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వు మానుకుంటివి. నన్నేమో పొమ్మంటాండావు."

నౌషీన్ గంప నిండేదాకా కాయలు ఏరి లేచింది. వీరపునాయునిపల్లె మీదుగా వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇల్లు చేరేదాకా ఆ మాటే తలుచుకుంది. చందనను ఏడులో కూర్చోబెట్టింది తానే. ఒకప్పుడు తాను ఏది భరించలేక పారిపోయిందో, దాన్నే తీసుకెళ్ళి ఆ పిల్ల నెత్తిన పెట్టింది.

సంఘం కూర్చున్నప్పుడు, ఇక సభలు వద్దు, ఫొటోలు వద్దు అని నౌషీన్ చెప్పింది. బాలకృష్ణయ్య నొచ్చుకున్నాడు.

"నా పేరు కోసం చేసినా అనుకుంటివా? చూపించకపోతే ఎవరూ ఇవ్వరమ్మా" అన్నాడు.

ఆయన అన్నట్టే అయింది. చాలామంది చందాలు ఆపేశారు. ఎండాకాలం సెలవులు అయిపోయి బడులు తెరిచాక కొన్ని నెలలు కాలనీ ఆటో నడపలేకపోయారు. తల్లులు నౌషీన్‌ను నిలదీశారు. "ఫొటో తీసుకుంటే ఏమవుతాదమ్మా, ఆటో వస్తే సాలు మాకు" అంది ఒకామె. కొందరు పిల్లలు నడిచి వెళ్ళారు, ఇద్దరు ఆడపిల్లలు మానేశారు. ఆ ఇద్దరి మాట వస్తే నౌషీన్ ఇప్పటికీ తలదించుకుంటుంది. బాలకృష్ణయ్య మాత్రం సంఘం వదిలిపెట్టలేదు. ఆ వయసులో మార్కెట్టులో దుకాణం దుకాణం మెట్లెక్కి, పిల్లలను చూపించకుండానే అడగడం మొదలుపెట్టాడు. దసరా నాటికి ఆటో మళ్ళీ తిరిగింది.

ఈలోగా నౌషీన్ ఇంకొక పని చేసింది. పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళు ఎవరైనా ఓపెన్ స్కూలులో నేరుగా పదో తరగతి రాయవచ్చని ఆమెకు తెలుసు. పుస్తకాలు రెండు జతలు తెచ్చుకుని మళ్ళీ చీనీతోటకు వెళ్ళింది.

"ఒక జత నీకు, ఒక జత నాకు" అంది చందనతో. "నువ్వు రాస్తే నేనూ రాస్తా. నువ్వు రాయకపోయినా నేను రాస్తా."

చందన పుస్తకాలు తిరగేసింది. "నీకు లెక్కలొస్తాయా అక్కా?"

"రావు."

"నాకొస్తాయి" అంది చందన. సరేనని ఆ మాటతోనే ఒప్పుకుంది. ఓబులేసు మాత్రం పుస్తకాల డబ్బులు తానే ఇస్తానన్నాడు. నౌషీన్ వద్దనకుండా తీసుకుంది.

పులివెందులలో కృష్ణచైతన్య అనే కుర్ర మాస్టరు ఆదివారాలు పాఠం చెప్పడానికి ఒప్పుకున్నాడు. మొదట ఇద్దరే. తర్వాత ఊటవాగుపల్లె నుంచి వచ్చి తోటల్లో పనిచేస్తున్న ఆడపిల్లలు మరికొందరు చేరారు. ఒకామె చంకన బిడ్డను వేసుకుని వచ్చేది. మాస్టరుకంటే నౌషీన్ చాలా పెద్దది. అతను మొదట్లో ఆమెను ప్రశ్నలు అడగడానికే మొహమాటపడ్డాడు. "అడుగు సామీ, తెలీకపోతే తెలీదంటా" అని ఆమే చెప్పాల్సి వచ్చింది. సైన్సు, సాంఘికం ఫర్వాలేదు. లెక్కలు మాత్రం లొంగలేదు. కొలతలు, కత్తిరింపులు జీవితమంతా చేసినా, పుస్తకంలో ఎక్స్ అని కనపడగానే ఆమె బుర్ర ఆగిపోయేది. బస్సు వచ్చేదాకా బస్టాండులో చందన పక్కన కూర్చుని చెప్పేది.

"అది ఏందో నీకు తెలీదు కాబట్టి ఎక్స్ అన్నారక్కా. తెలిసిన పక్కకు ఒకటొకటే జరుపుకుంటా పో."

"జరిపితే గుర్తు మారుతాది గదా, అదే మర్చిపోతాండా."

"మర్చిపోతే మళ్ళా చెయ్."

ఇంట్లో కూతురు పుస్తకం పట్టుకుంటే మాబున్ని లేచి మిషన్ మీద కూర్చునేది. కళ్ళు సరిగా కనపడకపోయినా గుండీలు కుట్టి పెట్టేది. ఒకసారి "మీ నాయన ఉంటే సంతోషపడేటోడు" అంది. నౌషీన్ తల ఎత్తలేదు. ఆ పేజీని మాత్రం చాలాసేపు తిప్పలేదు.

పరీక్షలు మండుటెండల్లో వచ్చాయి. పులివెందులలో ఒక బడి సెంటరు. నౌషీన్ రోజూ ప్రొద్దుటూరు నుంచి వచ్చి రాసి వెళ్ళింది. ఫలితాలు వచ్చిన రోజు చందన ఫోన్ చేసింది. ఆమె మంచి మార్కులతో పాసైంది. నౌషీన్ లెక్కల్లో తప్పింది.

"ఎన్ని తక్కువక్కా?" అంది చందన.

"అడగొద్దులేమా" అంది నౌషీన్. ఇద్దరూ నవ్వుకున్నారు. ఫోన్ పెట్టేశాక నౌషీన్‌కు కొంచెం ఏడుపొచ్చింది. అన్సర్ చూసి, టీ పెట్టుకొచ్చి ఇచ్చి, పక్కన కూర్చున్నాడు. రెండోసారీ ఆమె తప్పింది. మూడోసారి గట్టెక్కింది. ఆ సంగతి విని బాలకృష్ణయ్య షాపులో అందరికీ లడ్లు పంచాడు. ఎందుకని అడిగినవాళ్ళకు "మావాళ్ళ పాప పది పాసైంది" అన్నాడట.

చందన ఇప్పుడు పులివెందులలో ఇంటరు చదువుతోంది. ఫీజులో సగం తండ్రే కడతాడు. అది అతని పట్టుదల. సంఘం ఇంకా చిన్నదే. ఒక ఏడాది బాగా నడుస్తుంది, ఒక ఏడాది ఈడ్చుకొస్తుంది. ఆటో ఆగినప్పుడు మానేసిన ఇద్దరిలో ఒకమ్మాయి తిరిగి చేరింది. రెండో అమ్మాయికి పెళ్ళయిపోయింది.

పోయిన ఏడాది కాలనీలో పిల్లలకు సాయంత్రం పాఠాలు చెప్పించాలనుకున్నారు. గది దొరకలేదు. ఆ మాట చందన ద్వారా విని, ఓబులేసు ఒక ఆదివారం పొద్దున్నే కాలనీలో దిగాడు. అతనికి ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో కట్టుకున్న రెండు గదుల ఇల్లు ఉంది. పైకప్పు వేశారు గాని గోడలకు పూత పూయలేదు. పని కోసం తోటకు వెళ్ళిపోవడంతో దానికి తాళం వేసే ఉంచాడు. తాళం తీసి, దుమ్ము ఊడ్చి, నౌషీన్‌ను పిలిచాడు.

"ఈడ చెప్పించండమ్మా" అన్నాడు.

"మీరు తిరిగొస్తే?"

"ఎప్పుడొస్తామో. మేము ఈ ఇంట్లో ఒక్క పూట గూడా బువ్వ వండుకోలేదు. గుడ్లగూబలు తిరిగేదానికంటే పిల్లోల్లు తిరిగేది మేలు గదా."

తలుపు పక్క గోడ కొలిచి, బోర్డుకు చోటు చూసి, మేకులు తానే కొట్టాడు. మొదటి రోజు పిల్లలు వచ్చి కూర్చునేదాకా గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మని నౌషీన్ పిలిచింది. వచ్చి, గోడకు ఆనుకుని కాసేపు కూర్చున్నాడు. పిల్లల్లో ఒకడు "ఇది ఎవురిల్లు?" అని అడిగితే, "మాదే నాయనా, చదువుకో" అన్నాడు. పులివెందుల బస్సుకు టైమవుతోందని లేచి, చెప్పులు వేసుకుని, బస్టాండు వైపు నడిచాడు.